డిస్క్ బ్రేకు అంటే చాలదు, లోపల ఏ ఆయిలో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం పేజీల్లో కొత్తగా సైకిల్ కొనేవాళ్లకి సలహాలిస్తూ ఒక వ్యాసం వేశారు. సైకిళ్లకి పేపర్లో నిండుగా ఒక పేజీ దక్కడమే మాలాంటివాళ్లకి పెద్ద సంతోషం, అందుకు ముందుగా కృతజ్ఞతలు. కానీ బ్రేకుల సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. చక్రం మధ్యలోని లోహపు బిళ్లని ప్యాడ్లతో పట్టి ఆపే డిస్క్ బ్రేకులున్న సైకిలే కొనండి, భద్రంగా ఉంటుంది అని. ఆ వాక్యం చదివిన దగ్గర్నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. నేనూ ఆ ఒక్క మాట నమ్మే రోడ్ బైక్ కొన్నాను, డిస్క్ బ్రేకుంది కదా అని ధీమాగా అరకు ఘాట్ దిగుతూ ముందు బ్రేకు పూర్తిగా పోగొట్టుకున్నాను. బ్రేకు మంచిదే, అందులో పడిన ఆయిల్ వేరేది. ఏ ఆయిల్ పోయాలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ పేజీ చదివి ఈ వారం షాపుకి వెళ్లేవాళ్లయినా అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుంటుంది, కత్తిరించకుండా వేయగలిగితే వేయండి.

సైకిల్ రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక షాపులో కొన్నాను. బిల్లు మీద రోడ్ బైక్, డిస్క్ బ్రేక్ అని ఉంది, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. హైడ్రాలిక్, అంటే వైరుతో కాక ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది, అని షాపులో కుర్రాడు నోటిమాటగా చెప్పాడు, ఒక్క వేలితో లివర్ నొక్కి చూపించాడు. అంతకు ముందు పదేళ్లు చక్రం అంచుని పట్టుకునే రిమ్ బ్రేకులే వాడినవాణ్ణి, ఆ మెత్తదనం చూసి మురిసిపోయాను. లోపల ఉండేది ఏ ఆయిల్, అది ఎన్నాళ్లకి మార్చాలి, మా విశాఖలో ఆ పని ఎవరు చేస్తారు అన్నది మా ఇద్దరి మధ్యా మాటకే రాలేదు. మాన్యువల్ కూడా ఇవ్వలేదు. ఏడాదిన్నర హాయిగా నడిచింది. ఆ తర్వాత ముందు లివర్ మెత్తబడింది, నొక్కితే పట్టుకుంటోంది గానీ మొదట్లో ఉన్న గట్టిదనం లేదు, రెండోసారి నొక్కితేనే సరిగ్గా పడుతోంది. లోపలికి గాలి బుడగలు చేరితే ఇలా అవుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు.

మా వీధి చివర మోటార్ సైకిళ్లు బాగుచేసే అతను ఉన్నాడు, నా స్కూటర్ పన్నెండేళ్లుగా అతని చేతిలోనే ఉంది, చాలా నమ్మకస్తుడు. సైకిల్ తీసుకెళ్తే లివర్ రెండుసార్లు నొక్కి చూసి, "గాలి పట్టేసింది సార్, బండి బ్రేకే గదా ఇదీను" అని, బండ్లకి పోసే డాట్ 4 అనే బ్రేక్ ఫ్లూయిడ్ సీసా తీసి, లివర్ మీదున్న చిన్న స్క్రూ విప్పి పైదాకా నింపి, నాలుగుసార్లు పంపు కొట్టి ఇచ్చాడు. లివర్ గట్టిపడింది. డబ్బులిస్తే వద్దన్నాడు. అతన్ని నేను ఈ రోజుకీ ఒక్క మాట అనను. బండి బ్రేకు ఆయిల్ తొట్టి మూత మీద ఏ ఫ్లూయిడ్ పోయాలో కంపెనీవాళ్లు స్పష్టంగా అచ్చేస్తారు, అది చదివి పోయడం అతనికి అలవాటు. నా సైకిల్ లివర్ మీద అతను చదవడానికి ఏమీ కనపడలేదు.

నెల తిరక్కుండా ముగ్గురం కలిసి అరకు వెళ్లాం. ఎక్కేటప్పుడే ముందు చక్రం కొంచెం బరువుగా తిరుగుతున్నట్టు అనిపించింది, ఎక్కుడు కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న దిగుతున్నాం, సన్నగా తుంపర. గాలికొండ దగ్గర నుంచి అనంతగిరి దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత డముకు వైపు దిగే వంపుల్లో లివర్ వదిలినా ప్యాడ్లు పూర్తిగా వెనక్కి రావట్లేదని అర్థమైంది, రోటర్‌ని, అంటే చక్రంతో పాటు తిరిగే ఆ బిళ్లని, పట్టుకునే ఉంటున్నాయి. కాలిన వాసన వచ్చింది. ఆగుదామని లివర్ నొక్కితే అది హ్యాండిల్‌కి ఆనిపోయింది. ఇంకోసారి నొక్కాను, మళ్లీ అంతే. ఎదురుగా టూరిస్టు బస్సు ఎక్కుతోంది. వెనక బ్రేకు ఒక్కటే ఉంది, తడి రోడ్డు మీద అది గట్టిగా పడితే చక్రం జారుతుంది. కొండ వైపు మట్టి అంచు మీదికి ఎక్కించి, కాళ్లు ఈడ్చి, ఎలాగో ఆపాను. మోచెయ్యి గీరుకుంది, అంతే. లోయ వైపు వంపయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అక్కడి నుంచి కాశీపట్నం దాకా సైకిల్ నడిపించుకుంటూ దిగి, ఒక జీపులో ఎక్కించుకుని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు అసలు విషయం. సైకిల్ హైడ్రాలిక్ బ్రేకుల్లో రెండు జాతుల ద్రవాలు వాడతారు. షిమానో, కాంపన్యోలో, టెక్ట్రో, టీఆర్‌పీ వాళ్లవి మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. స్రామ్ వాళ్ల రోడ్ బ్రేకులు డాట్ 5.1 ఫ్లూయిడ్‌తో నడుస్తాయి. ఈ రెండూ పాలూ నీళ్లలా కలిసేవి కావు, ఒకదాని బదులు ఇంకోటి పనికొచ్చేవీ కావు. లోపల పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లని ఆ ఫలానా ద్రవానికి తట్టుకునేలాగే తయారుచేస్తారు. వేరేది పోస్తే రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పిస్టన్ బిగుసుకుపోతుంది, చివరికి సీలు ఒత్తిడి నిలపదు. వెంటనే అయితే మనిషి జాగ్రత్త పడతాడు. కానీ పోసిన రోజు లివర్ చక్కగా గట్టిపడుతుంది, రెండు మూడు వారాలు మామూలుగానే ఉంటుంది, సరిగ్గా బాగా వేడెక్కిన రోజున చేతులెత్తేస్తుంది. నా మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ 4 పడి జరిగింది అదే. కడిగి మళ్లీ సరైన ఆయిల్ పోస్తే బాగుపడుతుందేమో అని ఆశపడ్డాను, కాదట, ఒకసారి సీళ్లు పాడయ్యాక లివర్, హోస్ (ఆయిల్ గొట్టం), కాలిపర్ (పిస్టన్లు, ప్యాడ్లు ఉండే భాగం) మూడూ మార్చాల్సిందే. ముందు వైపు ఒక్కదానికే 14 వేల చిల్లర అయింది.

డాట్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు, ఇదీ చెప్పాలి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకోవాలి, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవి గాల్లోని తేమని పీల్చుకుంటాయి. తేమ పట్టాక 5.1 కూడా 180 దగ్గరికి పడిపోవచ్చు, డాట్ 4 అయితే 155కి. మాలా సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు మూత తీసి అటకెక్కించిన సీసాని రెండేళ్ల తర్వాత దించి పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. పైగా డాట్ 5 అని ఇంకోటుంది, అది సిలికాన్‌ది, 5.1కి దానికీ పేరులో తప్ప పోలిక లేదు, స్రామ్ బ్రేకులో అది పోయకూడదు. డాట్ ఫ్లూయిడ్ ఫ్రేము మీద పడితే పెయింటు తినేస్తుంది కాబట్టి తడిగుడ్డతో వెంటనే తుడవాలి. మినరల్ ఆయిల్ తేమని పీల్చుకోదు, పెయింటు జోలికి పోదు. అయితే నీళ్లు ఎలాగో లోపలికి చేరితే దాంట్లో కలవక అడుక్కి, అంటే కాలిపర్ దగ్గరికి దిగుతాయి, సరిగ్గా వేడి పుట్టే చోటికి. ఏదో ఒకటే గొప్పదని నేను అనడం లేదు. మీ సైకిల్లో ఉన్నది ఏదో మీకు తెలియాలి, అంతే నా గోల. షిమానో ఆయిల్ ఎర్రగా ఉంటుంది, కానీ రంగు చూసి తేల్చుకోకండి, లివర్ మీద మోడల్ నంబరు చూసి ఆ కంపెనీ కాగితంలో ఏముందో చదివి తేల్చుకోండి.

ఇంత జరిగాక హైడ్రాలిక్ వద్దనే చెప్తాడని మీరు అనుకోవచ్చు. లేదు, నేను మళ్లీ హైడ్రాలికే వేయించుకున్నాను. వర్షంలో రిమ్ బ్రేకు నొక్కితే ముందు రిమ్ మీద నీళ్లు తుడుచుకోవడానికే చక్రం ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత గాని పట్టు దొరకదు. కార్బన్ రిమ్ములైతే ఇంకా కష్టం, పొడవైన దిగుడులో వేడెక్కి వాటికే ప్రమాదం. డిస్క్ చక్రం మధ్యలో, నీళ్లకీ బురదకీ కాస్త దూరంగా ఉంటుంది, వేడి టైరు ట్యూబు దగ్గరికి పోదు. ఇంకో లాభం గురించి షాపులవాళ్లు ఎందుకో చెప్పరు. రోడ్ బైకుల మామూలు రిమ్ బ్రేకు కింద చాలావరకు 28 మిల్లీమీటర్ల టైరు దాకానే పడుతుంది. డిస్క్ సైకిళ్లలో ఆ అడ్డు లేదు కాబట్టి 32 పడుతుంది, కొన్నిటికి ఇంకా పెద్దవి కూడా. మన గుంతలకి, వరసగా నాలుగేసి వేసే ఆ స్పీడ్ బ్రేకర్లకి ఆ నాలుగు మిల్లీమీటర్లే నడుముని కాపాడతాయి.

హైడ్రాలిక్ దగ్గరికి వస్తే, చేతులకి సుఖం. మా మేనకోడలు చేతులు చిన్నవి, వైరు బ్రేకు సైకిల్ మీద సింహాచలం కొండ దిగితే కిందికి వచ్చేసరికి వేళ్లు పట్టేసేవి, ఇప్పుడు రెండు వేళ్లతో దిగుతోంది. 300, 400 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువు పెట్టి చేసే దూరప్రయాణాలు, తొక్కేవాళ్లు కూడా ఇదే మాటంటారు, 400 కిలోమీటర్లకి 27 గంటలు గడువు, చివరికి వచ్చేసరికి చేతుల్లో బలం ఉండదు. పైగా హైడ్రాలిక్‌లో ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ తనంతట తానే కొంచెం ముందుకి జరుగుతుంది, ప్రతిసారీ మనం బిగించే పనిలేదు. మా ఊరికి సంబంధించి ఇంకో సంగతి. బీచ్ రోడ్డు మీద రోజూ భీమిలి దాకా తొక్కే వాళ్లని అడగండి, ఉప్పుగాలికి బ్రేకు వైరు ఎంత త్వరగా తుప్పు పడుతుందో చెప్తారు. వైరు లోపల గరగరమంటూ బిగుసుకుంటే లివర్ బరువెక్కుతుంది, బ్రేకు ఆలస్యంగా వదులుతుంది. హైడ్రాలిక్ హోస్ అంతా మూసి ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

ఈ బ్రేకులు రోడ్ బైకులకి వచ్చిందే ఆలస్యంగా. మోటార్ సైకిళ్లకి, కొండల్లో తొక్కే సైకిళ్లకి ఎప్పటి నుంచో ఉన్నా, కిందికి వంగి ఉండే డ్రాప్ హ్యాండిల్ లివర్లో గేర్లు మార్చే సరంజామా, ఆయిల్ తొట్టి రెండూ ఇరికించడం మాటలు కాదు. స్రామ్, షిమానో రెండూ 2013లో తమ హైడ్రాలిక్ రోడ్ బ్రేకులు తెచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే స్రామ్ అప్పటిదాకా అమ్మిన రోడ్ హైడ్రాలిక్ బ్రేకులన్నిటినీ వెనక్కి పిలిచింది. గడ్డకట్టే చలిలో లివర్ లోపలి సీళ్లు ఒత్తిడి నిలపలేక బ్రేకు ఉన్నట్టుండి పోయింది, వెంటనే తొక్కడం ఆపండి అని కొన్నవాళ్లకి చెప్పింది. చూశారా, అక్కడా సీలే. ఒక చిన్న రబ్బరు రింగు మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉందని తయారీదారుకి తెలుసు కాబట్టే అంత హడావుడి పడ్డారు. పందేల్లో డిస్క్ బ్రేకుల్ని 2015 నుంచి ప్రయోగంగా అనుమతిస్తూ వచ్చారు. 2016 ఏప్రిల్‌లో పారిస్-రూబే పందెంలో ఫ్రాన్సిస్కో వెంటోసో అనే రేసర్ కాలికి లోతుగా గాయమైంది, అది డిస్క్ కోసిందేనని ఆయన బహిరంగ లేఖ రాశారు, అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఆ ప్రయోగాన్ని ఆపేసింది. అంచులు గుండ్రం చేసిన రోటర్లతో మళ్లీ మొదలుపెట్టి, చివరికి 2018 జులై నుంచి పూర్తిగా అనుమతించింది. ఈలోగా 2017 టూర్ డి ఫ్రాన్స్ రెండో అంచెని మార్సెల్ కిట్టెల్ డిస్క్ బ్రేకు సైకిల్ మీద గెలిచాడు. ఇప్పుడు పెద్ద కంపెనీల ఖరీదైన రోడ్ బైకుల్లో రిమ్ బ్రేకు దాదాపు కనపడదు.

అయితే మన దగ్గర చాలామంది కొనగలిగే ధరలో వచ్చే "డిస్క్" సైకిళ్లలో ఎక్కువ భాగం హైడ్రాలిక్ కానే కాదు, వైరుతో లాగే డిస్క్. ఫొటోలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. షిమానోలో కింది మెట్టువైన క్లారిస్, సోరా గేర్లున్న సైకిల్ కొంటున్నారంటే అది వైరుదేనని దాదాపు అనుకోవచ్చు, షిమానోలో హైడ్రాలిక్ రోడ్ లివర్లు వాటి పై మెట్టయిన టియాగ్రా నుంచి పైకే ఉండేవి. వైరు డిస్క్ చెడ్డదని కాదు. అందులో మళ్లీ రెండు రకాలు. ఒకదాంట్లో ఒక వైపు ప్యాడే కదులుతుంది, అది రోటర్‌ని వంచి అవతలి ప్యాడ్‌కి ఆనిస్తుంది. ఏవిడ్ బీబీ 7 అలాంటిది, సర్దుబాటు తెలిసిన చేతిలో బాగానే పనిచేస్తుంది. టీఆర్‌పీ స్పైర్‌లో రెండు ప్యాడ్లూ కదులుతాయి, సర్దడం తేలిక, పట్టు రెండు వైపులా సమానం. వైరు డిస్క్ ఉన్నవాళ్లు చెయ్యగలిగిన మంచి పని ఒకటుంది. బ్రేకు వైరు చుట్టూ ఉండే కవరు నొక్కితే కుదించుకుపోని రకం దొరుకుతుంది, కంప్రెషన్‌లెస్ హౌసింగ్ అంటారు, అది వేయించండి, అదే బ్రేకు ఇంకో బ్రేకులా మారిపోతుంది. ప్యాడ్ అరిగినకొద్దీ మనమే స్క్రూ తిప్పి దగ్గరికి జరపాలి, వానాకాలంలో అయితే ప్రతి పెద్ద రైడ్‌కి ముందూ చూసుకోవాలి. మర్చిపోతే లివర్ హ్యాండిల్‌ దాకా వస్తుంది. కానీ వైరు తెగితే ఏ పల్లెలోనైనా, కొత్త వైరు కాకపోతే పాతదయినా, వేసే మనిషి దొరుకుతాడు. దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

మధ్యలో ఒక రకం ఉంది, దాని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలీక దాన్ని చాలామంది పాడుచేసుకుంటున్నారు. లివర్ నుంచి కాలిపర్ దాకా మామూలు వైరే వెళ్తుంది, కాలిపర్ లోపల మాత్రం ఆయిల్ ఉంటుంది. టీఆర్‌పీ హైరోడ్ ఈ రకమే. ట్రైబన్ ఆర్‌సీ 520 సైకిల్‌తో ఇదే వచ్చేది కాబట్టి మన రోడ్ల మీద బాగానే తిరుగుతున్నాయి. లివర్లు మార్చకుండా వైరు డిస్క్ నుంచి పైకి వెళ్లాలనుకునే వాళ్లకి ఇది తక్కువ ఖర్చు దారి. ఉన్న ప్రమాదం ఒక్కటే. ప్యాడ్లు అరిగి లివర్ కాస్త లోపలికి వస్తే వైరు బిగించేద్దాం అనిపిస్తుంది, ఏ మెకానిక్ అయినా చేసేది కూడా అదే. ఇందులో ఆ పని చెయ్యకూడదు. వైరు బిగిస్తే కాలిపర్ మీద వైరు లాగే చిన్న చెయ్యి (మీట) ఎప్పుడూ కొంచెం లాగి ఉన్నట్టే ఉంటుంది, తొట్టి నుంచి ఆయిల్ వచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది, ఇక అరుగుదలకి తగ్గట్టు పిస్టన్లు ముందుకి జరగవు, వేడికి వ్యాకోచించిన ఆయిల్ తిరిగి తొట్టిలోకి వెళ్లలేక బ్రేకు పట్టేస్తుంది. వైరు కట్టేటప్పుడు ఆ చెయ్యి పూర్తిగా వెనక్కి ఉండేలా లాక్ చేసే స్క్రూ దాని మీదే ఉంటుంది, పనయ్యాక దాన్ని విప్పడం మర్చిపోకూడదు.

కోనసీమలో కాలవ గట్ల మీద, కృష్ణా డెల్టాలో చదునుగా ఉండే రోడ్ల మీద తొక్కేవాళ్లు మంచి రిమ్ బ్రేకు సైకిల్ ఉంటే దాన్ని అమ్మేసుకోనక్కర్లేదని నా అభిప్రాయం. తేలిక, చవక, కళ్లకి కనపడే యంత్రం. బ్రేకు రబ్బరు బ్లాకులు మార్చి, రిమ్ అరుగుదల గమనించుకుంటే చాలు. రిమ్ బ్రేకు ఫ్రేముకి డిస్క్ పెట్టించుకోవచ్చా అని అడుగుతుంటారు. కాలిపర్ బిగించే చోటు ఫ్రేములో, ఫోర్కులో పుట్టుకతోనే ఉండాలి, లేకపోతే వెల్డింగులు చేయించే ఆలోచన మానుకోండి. ఘాట్ దగ్గర ఉండేవాళ్లు, వానలో తొక్కక తప్పనివాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు డిస్క్‌కే వెళ్లండి, ముందు చక్రానికి 160 మిల్లీమీటర్ల రోటర్ ఉన్నది తీసుకోండి. హైడ్రాలికా, వైరా అన్నది మీ ఊళ్లో దాన్ని ఎవరు బాగుచేస్తారన్న దాని మీద ఆధారపడాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కేవాళ్లకి చేతికందే దూరంలో సర్వీసు ఉంటుంది. శ్రీకాకుళంలోనో, కర్నూలులోనో ఉండే కుర్రాడికి అదే సలహా ఇస్తే అతను నాలా వీధి చివరికే వెళ్తాడు.

ఇంట్లో చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. మన దగ్గర పంచరు పడగానే సైకిల్ తిరగేసి నిలబెట్టడం అలవాటు. హైడ్రాలిక్ ఉన్నది తిరగేస్తే లివర్ తొట్టిలో ఉన్న గాలి బుడగలు కాలిపర్ వైపు వెళ్లొచ్చు, కాబట్టి మళ్లీ నిలబెట్టాక ఎక్కే ముందు లివర్ పదిసార్లు నొక్కి గట్టిగా ఉందో లేదో చూడండి. చక్రం తీసినప్పుడు లివర్ నొక్కకూడదు, నొక్కితే మధ్యలో రోటర్ లేదు కాబట్టి పిస్టన్లు బయటికి తోసుకొచ్చి ప్యాడ్లు అతుక్కుపోతాయి. బస్సు డిక్కీలో వేసి పంపేటప్పుడు, ఇంట్లో పిల్లలున్నప్పుడు ఇది తప్పకుండా జరుగుతుంది. ఆ సందులో ప్లాస్టిక్ ముక్క ఒకటి పెడతారు, లేకపోతే మడిచిన అట్టముక్క పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ ప్యాడ్లు నాశనమయ్యేది వాటర్ సర్వీసు దగ్గర. కడిగాక మెరుపు కోసం డీజిల్ కొట్టే అలవాటుంది చూడండి, ఆ తుంపర రోటర్ మీద పడితే ప్యాడ్ పీల్చేసుకుంటుంది, ఇక కూతలే గానీ పట్టు ఉండదు. చెయిన్‌కి స్ప్రే కొట్టినా అంతే. కూత వస్తోందని ప్యాడ్‌కి కొబ్బరి నూనె రాసిన మనిషిని నేను కళ్లారా చూశాను, అది చూసి నాకు చెమటలు పట్టాయి. తడిలో కాసేపు కూయడం మామూలే, దానికి ఏమీ చెయ్యనక్కర్లేదు. షిమానో ప్యాడ్ మీద అరిగే పదార్థం మందం 0.5 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చెయ్యాలి, కొత్తగా 1.8 ఉండే రోటర్ 1.5కి వస్తే మార్చెయ్యాలి, ఆ అంకె రోటర్ మీదే చెక్కి ఉంటుంది. మెటల్ ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయని వేయించుకునే ముందు రోటర్ మీద రెజిన్ ప్యాడ్ మాత్రమే అని రాసి ఉందేమో చూడండి, రాసుంటే వద్దు. కొత్త ప్యాడ్లు వేశాక వెంటనే ఘాట్‌కి పోకండి, ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోవడం, మెల్లగా తగ్గించడం ఒక ఇరవైసార్లు చేస్తే గాని అవి రోటర్‌కి అలవాటు పడవు.

షాపులవాళ్లని నేను అడిగేది పెద్దదేమీ కాదు. బిల్లు మీద డిస్క్ అని రాసే చోట వైరు డిస్కా, హైడ్రాలికా, హైడ్రాలిక్ అయితే మినరల్ ఆయిలా, డాట్ 5.1ఆ, ప్యాడ్ ఏ నంబరు అన్నది రాసివ్వండి. ఒక నిమిషం పని. లివర్ పక్కన ఒక స్టిక్కర్ తెలుగులో అంటించండి, అది మెకానిక్ చదువుతాడు. కొనేవాళ్లు ఇవన్నీ రాయించుకున్నాకే డబ్బు కట్టండి. ఐటీఐల్లో బండ్ల మెకానిక్ పని నేర్పే మాస్టార్లకి కూడా నా మనవి, డిస్క్ బ్రేకు పాఠం చెప్పేటప్పుడు సైకిల్ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుందని, బండి ఫ్లూయిడ్ దాంట్లో పోయకూడదని ఒక్క మాట కలపండి. సైకిల్ మెకానిక్ అని విడిగా దొరకని ఊళ్లలో రేపు ఈ సైకిళ్లన్నీ వచ్చేది ఆ పిల్లల దగ్గరికే.

మా వీధి చివర అతనికి నేను జరిగింది చెప్పాను. చాలా బాధపడ్డాడు, "ముందే చెప్పుంటే ముట్టుకునేవాణ్ణి కాదు సార్" అన్నాడు. నిజమే. తర్వాత ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని, లివర్ మీద గరాటు, కాలిపర్ దగ్గర సిరంజి పెట్టి, ప్యాడ్లు తీసి వాటి చోట పసుపు రంగు ప్లాస్టిక్ దిమ్మ ఇరికించి, కింది నుంచి పైకి ఆయిల్ ఎక్కిస్తూ గాలి తీయడం నేర్చుకున్నాం. మొదటిసారి రెండు గంటలు పట్టింది, రెండోసారి నలభై నిమిషాలు. ఇప్పుడు అతని షెల్ఫులో డాట్ 4 సీసాలకి దూరంగా, వేరే అరలో, మినరల్ ఆయిల్ సీసా ఒకటి ఉంది, దాని మీద మార్కర్‌తో సైకిల్ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. ఈ నెలలోనే చుట్టుపక్కల నుంచి ముగ్గురు అతని దగ్గరికి వచ్చారు, అందులో ఒకరి సైకిల్లో అప్పటికే ఎవరో బండి ఫ్లూయిడ్ పోసి ఉన్నారు.

మీరు ఆ వ్యాసం రెండో భాగం వేస్తామన్నారు కాబట్టి, బ్రేకుల దగ్గర ఏ ఆయిల్ అన్న సంగతి మాత్రం తప్పకుండా చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం